అడగండి, చెప్తా: కొత్త క్రీములు, కొత్త బ్రష్షులు, కొత్త సబ్బులు

పండగ సేల్ అయిపోయిన నెల కదా, వచ్చిన ప్రశ్నలన్నీ పార్సిళ్ళ గురించే. అందరూ ఏదో ఒకటి కొత్తది తెప్పించుకున్నారు, సగం మంది మొహం మీద ఏదో ఒకటి తెచ్చుకున్నారు. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే ఉంచాం.

ప్రశ్న: అక్కా, సేల్‌లో ప్రైమర్, ఫౌండేషన్, కన్సీలర్, సెట్టింగ్ స్ప్రే, విటమిన్ సి సీరమ్, కొత్త ఫేస్‌వాష్ ఒకేసారి తెప్పించుకున్నా. ఉండబట్టలేక అన్నీ ఒకే రోజు వాడేశా. ఆ రోజు ఏం కాలేదు, బాగుంది కూడా. మూడో రోజుకి బుగ్గల మీద చిన్న చిన్న పొక్కులు, ఒకటే దురద. ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? అన్నీ పారేయాలా? చాలా డబ్బులు పెట్టాను. (గుంటూరు)

జవాబు: ఆరుగురు కొత్తల్లుళ్ళని ఒకే సంక్రాంతికి పిలిచి, తెల్లారి అరిసెల డబ్బా ఖాళీ చేసింది ఎవరంటే ఏం చెప్తామమ్మా. పారేయొద్దులే, అలాగని ఇవాళ మళ్ళీ రాయొద్దు కూడా. ముందు అన్నీ ఆపేయండి, పాత ఫేస్‌వాష్, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, అంతే, చర్మం పూర్తిగా మామూలయ్యేదాకా. కళ్ళు వాచినా, పొక్కుల్లోంచి నీరు కారినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా ఇక ఈ జవాబు చదవడం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

"ఆ రోజు ఏం కాలేదు" అన్నారు చూడండి, అందరూ మోసపోయేది అక్కడే. రాసిన కాసేపటికే మంట, ఎరుపు వచ్చిందంటే అది మామూలుగా చర్మం గీరుకుపోవడం లాంటిది, విటమిన్ సి సీరమ్‌లకి యాసిడ్ గుణం ఉంటుంది కాబట్టి కొంతమందికి చుర్రుమంటుంది. అలర్జీ అలా కాదు, ఒంట్లో అది తయారవడానికి ఒక రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే షాపులో చేతి మీద చుక్క రాసుకుని పది నిమిషాలు చూసి "పడింది" అనుకుంటే అది ప్యాచ్ టెస్ట్ (పడుతుందో లేదో ముందు కొంచెం రాసి చూసుకునే పరీక్ష) కాదు, రంగు చూసుకోవడం మాత్రమే.

తగ్గాక ఇలా చేయండి. మోచేతి మడతలో లోపలి వైపు, రూపాయి బిళ్లంత చోట, ఒక్కటంటే ఒక్కటే ప్రోడక్ట్ రోజుకి రెండు పూటలా వారం రోజులు రాయండి. ఏమీ రాకపోతే మొహానికి తేండి, తర్వాత ఇంకోటి మొదలుపెట్టండి. ఫేస్‌వాష్‌ని మాత్రం అలా రాసి వదిలేయకూడదు, కడిగేసే వస్తువు కాబట్టి మామూలుగా వాడినంత సేపే ఉంచి కడిగేయాలి. ఆరింటికీ కలిపి నెలన్నర పడుతుంది, తెలుసు, సేల్‌లో కొన్న ఆత్రం అన్ని రోజులు ఆగదు, కానీ ఇంతకంటే దగ్గర దారి నాకు తెలీదు. మొదట ఎవరి మీద అనుమానపడాలి అంటే సెంటు వాసన ఉన్న వాటి మీద. లేబుల్ మీద పర్ఫ్యూమ్ అనో ఫ్రాగ్రెన్స్ అనో ఉంటుంది. తర్వాత ప్రిజర్వేటివ్‌లు, అంటే చెడిపోకుండా కలిపేవి, ముఖ్యంగా మిథైల్ ఐసోథయజోలినోన్ అని పొడుగు పేరొకటి ఉంటుంది, అది చాలామందికి పడదు. "నేచురల్" అని ఆకు బొమ్మ వేసినంత మాత్రాన ఏం లేదు, టీ ట్రీ నూనె కూడా అలర్జీ తెప్పిస్తుంది.

ఫౌండేషన్ రంగు గురించి అడగలేదు కానీ చెప్తా, ఎందుకంటే ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి అది సరిపోయి ఉండదని నా అనుమానం. మణికట్టు మీద చూడొద్దు, దవడ మీద గీత గీసి, కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో, ఓ అరగంట ఆగి చూడండి. చాలా ఫౌండేషన్లు గాలి తగిలి, మొహం మీద జిడ్డు కలిసి ఒక షేడు ముదురుతాయి. మన పసుపు ఛాయ చర్మాలకి గులాబీ ఛాయ షేడు కొనేసి బూడిద పూసినట్టు ఉందని ఏడవడం నేను ప్రతి పెళ్ళిళ్ళ సీజన్లో చూస్తా.

ఇంకోటి, అట్టపెట్టెలు పారేయకండి. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, తయారుచేసిన వాళ్ళ అడ్రస్, ఇవన్నీ ఉన్నాయో లేదో చూడండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎమ్, 12ఎమ్ అని ఉంటే తెరిచాక ఆరు నెలలు, పన్నెండు నెలలు అని. తెరిచిన తేదీ పెన్నుతో డబ్బా అడుగున రాసేయండి. మస్కారా అయితే దాని మీద ఏం రాసున్నా సరే మూడు నెలలు దాటాక నేను నమ్మను.

ప్రశ్న: మేడమ్, నేను ఇరవై నాలుగు బ్రష్‌ల సెట్టు కొన్న, శాన తక్కువకే వచ్చింది. ఏది దేనికో సమజైతలేదు. ఎంట్రుకలు ఊడుతున్నయి, ఒక తీరు వాసన గూడ వస్తున్నది. కొత్తయే గద, కడగాల్నా? ఎట్ల కడగాలె? (వరంగల్)

జవాబు: కడగాలి, కొత్తవైనా సరే కడిగాకే మొహానికి పెట్టాలి. ఆ వాసన రంగుది, జిగురుది, ప్యాకింగ్‌ది. మొదటిసారి కడిగినప్పుడు నాలుగు వెంట్రుకలు ఊడటం మామూలే, నీళ్ళు కూడా కొంచెం రంగుగా వస్తాయి. రెండోసారి, మూడోసారి కూడా గుప్పెడు ఊడుతూ, నల్లనీళ్ళు వస్తూనే ఉంటే ఆ బ్రష్‌ని కంటి దగ్గరికి రానివ్వకండి.

ఇరవై నాలుగు అక్కర్లేదు. నిజంగా ఇంట్లో వాడుకునే మనిషికి ఐదు చాలు. పౌడర్‌కి పెద్ద మెత్తని కుచ్చు, ఫౌండేషన్‌కి వెంట్రుకలు దట్టంగా ఉండి పైన చదునుగా కోసినట్టుండేది, కనురెప్ప మీద రంగు అద్దడానికి చిన్న చదునుది, ఆ రంగు అంచులు కలపడానికి మెత్తగా గుబురుగా ఉండేది, కనుబొమ్మలకి ఏటవాలుగా కోసింది. సెట్టులో మిగతావన్నీ లెక్క పెంచడానికి పెట్టినవి, సగం ఒకేలా ఉంటాయి చూడండి. పిల్లలుంటే డ్రాయింగ్‌కి ఇచ్చేయండి, బాగా పనికొస్తాయి.

అసలు వెంట్రుకలా, సింథటిక్కా అని కూడా అడుగుతుంటారు. మేక, ఉడుత వెంట్రుకల బ్రష్షులు పౌడర్‌ని బాగా పట్టుకుంటాయి కానీ ఫౌండేషన్ లాంటి తడివి తాగేస్తాయి, డబ్బులు బ్రష్‌లోకే పోతాయి. తడి వాటికి సింథటిక్కే మంచిది, కడగడం తేలిక, తొందరగా ఆరుతుంది. తక్కువకి వచ్చిన సెట్టు అన్నారు కాబట్టి మీది సింథటిక్కే అయ్యుంటుంది, అది మంచిదే.

ఇక కడగడం. గోరువెచ్చని నీళ్ళు, పిల్లల షాంపూ చుక్క అరచేతిలో వేసుకుని, బ్రష్‌ని కిందికి వంచి, కుచ్చు మాత్రమే తడిసేలా మెల్లగా గుండ్రంగా తిప్పండి. గిన్నెలో నీళ్ళు పోసి నిలబెట్టి నానబెట్టేస్తారు చాలామంది, అలా చేస్తే పిడికీ కుచ్చుకీ మధ్య ఉన్న రేకు పట్టీలోకి నీళ్ళు పోయి లోపల జిగురు వదిలేస్తుంది, అప్పుడు వెంట్రుకలు కాదు, తల మొత్తం ఊడి చేతికొస్తుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, మెత్తని గుడ్డతో నొక్కి, వేళ్ళతో కుచ్చుని ముందున్న ఆకారానికి తెచ్చి, టేబుల్ అంచున కుచ్చు గాల్లో ఉండేలా పడుకోబెట్టండి. గ్లాసులో నిటారుగా పెట్టొద్దు, ఆ నీళ్ళు మళ్ళీ కిందికే దిగుతాయి. ఎండలో వద్దు, హెయిర్ డ్రయర్ వద్దు, ఫ్యాన్ గాలి చాలు. వానాకాలం అయితే పొద్దున్నే కడగండి, రాత్రి కడిగి తెల్లారి పనికి కావాలంటే తడిగానే ఉంటుంది, తడి బ్రష్‌తో పౌడర్ ముట్టుకుంటే ఆ పౌడర్ మీద గట్టి పెంకు కట్టి ఇక లేవదు.

ఫౌండేషన్ బ్రష్ వారానికోసారి, పౌడర్‌ది రెండు వారాలకోసారి, మీ బ్రష్ చెల్లెలో ఫ్రెండో వాడితే మాత్రం ఆ రోజే. స్పాంజి అయితే వాడిన ప్రతిసారీ. స్పాంజిని తడిపి, గట్టిగా పిండి వాడాలని తెలుసు కదా, పొడిది వాడితే సగం ఫౌండేషన్ అదే తాగుతుంది. తడి స్పాంజిని ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి బ్యాగులో వేసుకోవద్దు, మన వాతావరణానికి రెండ్రోజుల్లో బూజు మొదలవుతుంది. నల్ల చుక్క ఒక్కటి కనపడినా చెత్తబుట్టే, కడిగి చూద్దాం అనే బేరం లేదు.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్, బోరు నీళ్ళే. సబ్బులు మార్చి మార్చి విసిగిపోయా, ఇప్పుడు ఖరీదైన బాడీ వాష్ కొన్నా. స్నానం చేసి వస్తే ఒళ్ళు తెల్లగా పాలిపోయి గోరుతో గీస్తే గీత పడుతోంది. అమ్మేమో సున్నిపిండి పంపిస్తానంటోంది. ఏం వాడమంటారు? (హైదరాబాద్)

జవాబు: సబ్బుల్ని తిట్టే ముందు బకెట్ అంచు చూడండి, తెల్లగా పొర కట్టి ఉంటుంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, మామూలు సబ్బు వాటితో కలిసి తెట్టులా మారుతుంది. నురగ రాదు, రాలేదని ఇంకాస్త రుద్దుతాం, ఆ తెట్టు ఒంటి మీదే ఉండిపోతుంది. పైగా సబ్బు పీహెచ్ (పులుపు గుణమా, క్షార గుణమా చెప్పే అంకె) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5కి అటూ ఇటూ. అందుకే ఆ బిగుతు, ఆ తెల్లదనం.

సిండెట్ బార్ అని దొరుకుతాయి, చూడ్డానికి సబ్బులాగే ఉంటాయి కానీ సబ్బు కాదు, వేరే శుభ్రం చేసే పదార్థాలతో చేస్తారు. ఇవీ, చాలా బాడీ వాష్‌లూ బోరు నీళ్ళలో తెట్టు కట్టవు. మీరు కొన్న బాడీ వాష్ తప్పు కాకపోవచ్చు, ఎక్కువ పోసుకుంటున్నారేమో, సరిగ్గా కడగట్లేదేమో, నీళ్ళు బాగా వేడిగా ఉన్నాయేమో చూడండి. పీచుతో రోజూ తోమొద్దు. వీలైతే ఆఖరి రెండు చెంబులు కుళాయి నీళ్ళవి, అదే మంజీర నీళ్ళో కృష్ణా నీళ్ళో వస్తే అవి పోసుకోండి. తుడుచుకున్న మూడు నిమిషాల్లో, ఒళ్ళు ఇంకా కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజరో కొబ్బరినూనో రాసేయండి. ఆరాక రాస్తే అంత ఫలితం ఉండదు.

సబ్బే కావాలంటే రేపర్ తిప్పి చదవండి. టాయిలెట్ సోప్ గ్రేడ్ 1 అంటే టీఎఫ్‌ఎమ్, అంటే కొవ్వు పదార్థం, కనీసం 76 శాతం ఉండాలి, గ్రేడ్ 2 కి 70, గ్రేడ్ 3 కి 60. "బేతింగ్ బార్" అని ఉంటే 40 ఉన్నా చాలు. అయితే గ్లిజరిన్ సబ్బులకి ఈ లెక్క పెట్టకండి, వాటిల్లో టీఎఫ్‌ఎమ్ తక్కువున్నా మెత్తగానే ఉంటాయి.

సున్నిపిండి పంపించమనండి, ఎందుకొద్దంటారు? పెసలు, శనగలు మెత్తగా పట్టించి జల్లించిందైతే ఒంటికి చాలా మంచిది, నువ్వుల నూనె రాసుకున్న రోజు దానికి మించింది లేదు, పిండి నూనెని పీల్చేస్తుంది. మొహానికి మాత్రం బరక పిండి వద్దు, గీరుకుంటుంది. మామూలు పసుపు కాకుండా కస్తూరి పసుపు వేయించమనండి, అంత పచ్చగా అంటుకోదు. ఒక్కటి మాత్రం అమ్మని అడగండి, బావంచాలనే మూలికా గింజలు వేసిందా అని. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంటికి పట్టి ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు ఎర్రబడి తర్వాత నల్ల మచ్చలు పడతాయి. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్ళే వాళ్ళకీ ఇదే అవుతుంది, "నిమ్మకాయ రాస్తే తెల్లబడతారు" అనేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

ప్రశ్న: రెండు నెలల్లో పెళ్ళి. పార్లర్ వాళ్ళు తెల్ల డబ్బాలో ఒక క్రీమ్ ఇచ్చారు, పేరు లేదు, వాళ్ళే కలుపుతారట. పది రోజులకే మొహం భలే మెరుస్తోంది. పెళ్ళిదాకా వాడొచ్చా? (ఏలూరు)

జవాబు: వద్దు. పది రోజుల్లో మెరిసిందంటేనే నాకు భయమేస్తోంది. పేరు లేని డబ్బాల్లో స్టెరాయిడ్ ఉంటుంది చాలాసార్లు, బీటామెథాసోన్, క్లోబెటసాల్ లాంటివి. మొదట్లో అద్దంలా ఉంటుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్ర నరాలు కనపడతాయి, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, మానేస్తే మొహం మంటలు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే చెప్పింది కేంద్రం. ఇంకో రకం డబ్బాల్లో పాదరసం ఉంటుంది, అది కిడ్నీల దాకా పోతుంది, కేరళలో మలప్పురం వైపు తెల్లబడే క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీ జబ్బులొచ్చాయని అక్కడి డాక్టర్లే బయటపెట్టారు.

మీరే టక్కున మానేయకండి, ఆ డబ్బా పట్టుకుని ఈ వారంలోనే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఎలా ఆపాలో వాళ్ళు చెప్తారు. పెళ్ళికి రెండు నెలలు ఉంది కాబట్టి సరిపోతుంది. సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్, నిద్ర. మిగతాది మేకప్ చేసేవాళ్ళు చూసుకుంటారు, దానికే కదా డబ్బులిస్తున్నారు. ట్రయల్ మేకప్ కూడా పెళ్ళికి ముందురోజు పెట్టుకోవద్దు, కనీసం మూడు వారాల ముందు పెట్టుకోండి, వాళ్ళు వాడే జిగురు, పెట్టుడు రెప్పలు పడతాయో లేదో తెలుస్తుంది. నల్ల మెహందీ కోన్ అసలొద్దు, గోరింటాకు నల్లగా పండదు, నల్లగా పండిందంటే అందులో జుట్టుకి వేసే రంగు, పీపీడీ, కలిపి ఉండొచ్చు, చేతుల మీద బొబ్బలొస్తాయి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్ళు, కూచిపూడి మొదటి ప్రోగ్రామ్. స్టేజి మేకప్ అంటే భయంగా ఉంది, ఇంటికొచ్చాక ఎలా తీయాలి? (విజయవాడ)

జవాబు: భయమెందుకు, ఒక్క పూటే కదా. స్టేజి లైట్లకి మామూలు ఫౌండేషన్ కనపడదు, అందుకే పాన్‌కేక్ వాడతారు. మ్యాక్స్ ఫ్యాక్టర్ వాళ్ళు 1930ల్లో కలర్ సినిమాల కోసం చేసిన రకం అది, తడి స్పాంజితో అద్దుతారు, చెమటకి అంత తొందరగా కరగదు. ప్రోగ్రామ్‌కి వారం ముందు మేకప్ ఆయన్ని అడిగి కొంచెం తెచ్చి పాప చెవి వెనక రాసి చూడండి. పారాణి కూడా అంతే.

గ్రీన్‌రూమ్‌లో ఇరవై మంది పిల్లలకి ఒకటే కాటుక, ఒకటే స్పాంజి నడుస్తుంది, అక్కడే ఇబ్బంది. మొహమాటపడకుండా పాప కాటుక, పాప లిప్‌స్టిక్, రెండు స్పాంజిలు మీరే తీసుకెళ్ళండి, మాస్టారు ఏమనుకోరు, వాళ్ళకీ తెలుసు. ముందు పలచగా మాయిశ్చరైజర్ రాయండి.

తీసేటప్పుడు సబ్బు మొదట వద్దు. కొబ్బరినూనె ధారాళంగా రాసి రెండు నిమిషాలు వేళ్ళతో కరిగించి, మెత్తని తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే ఫేస్‌వాష్. కళ్ళ దగ్గర రుద్దకుండా నూనె దూది పెట్టి ఆగండి, కాటుక దానంతటదే వస్తుంది. అలిసిపోయి కారులోనే నిద్రపోతుంది, అయినా లేపి తీయండి.

ప్రశ్న: అమ్మాయ్, నాకు యాభై ఎనిమిదేళ్ళు. కొత్త రకం స్టిక్కర్ బొట్లు వాడుతున్నా, మెరుపువి. బొట్టు పెట్టే చోట తెల్లగా మచ్చ పడింది. బొల్లి అంటున్నారు ఇంట్లో. (శ్రీకాకుళం)

జవాబు: కంగారుపడకండమ్మా, అన్ని తెల్ల మచ్చలూ బొల్లి కాదు. కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది, అది చర్మంలో రంగు తయారుచేసే కణాల్ని దెబ్బతీస్తుంది. సరిగ్గా బొట్టు బిళ్ల ఆకారంలోనే మచ్చ పడితే ఎక్కువగా అదే. అదే జిగురు కొన్ని చెప్పుల పట్టీల్లో కూడా ఉంటుంది, పాదాల మీద కూడా ఓసారి చూసుకోండి. ఇవాళ్టి నుంచే స్టిక్కర్లు మానేసి స్కిన్ డాక్టర్‌కి చూపించండి, తొందరగా ఆపితే రంగు తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది. మచ్చ తగ్గేదాకా అక్కడ ఏమీ పెట్టకండి, తర్వాత పసుపుతో చేసిన కుంకుమ పెట్టుకోండి. బజార్లో మరీ ముదురెరుపు కుంకుమల్లో రంగులు కలుపుతారు, అవి దురద, నల్లమచ్చ తెస్తాయి.

ప్రశ్న: మాల్‌లో టెస్టర్ లిప్‌స్టిక్ పెదాలకి రాసుకోవచ్చా? (నెల్లూరు)

జవాబు: వద్దు. వేలి కొస మీద రాసుకుని చూడండి, పెదవి రంగుకి అదే దగ్గరగా ఉంటుంది. మీ ముందు ఎవరికి నోటి దగ్గర పొక్కు ఉందో షాపు అమ్మాయికీ తెలీదు.

ప్రశ్న: డల్లాస్ నుంచి మా ఆడపడుచు బాత్ బాంబ్‌లు తెచ్చింది, డబ్బా నిండా. మాకు టబ్ లేదు, బకెట్టూ చెంబూ. ఏం చేసుకోవాలి? (ఖమ్మం)

జవాబు: మొత్తం ఉండ బకెట్లో వేయకండి, టబ్బు నీళ్ళకి సరిపడా సెంటు బకెట్లోకి వస్తే ఒళ్ళంతా దురదే. అది వంటసోడా, సిట్రిక్ యాసిడ్, కాస్త నూనె, రంగు, సెంటు, అంతే. నీళ్ళు తగలగానే బుస్సుమని గ్యాసొస్తుంది, చూడ్డానికి సరదా, ఒంటిని శుభ్రం చేసేదేం లేదు. నిమ్మకాయంత ముక్క చిదిపి ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళలో వేసి కాళ్ళు పెట్టుకోండి పావుగంట, మడమలు మెత్తబడతాయి. మిగతావి తడి తగలకుండా బిగుతు డబ్బాలో పెట్టండి, లేకపోతే వానాకాలంలో అవే ఉబ్బి పొడైపోతాయి. ఆడపడుచు ఫోన్ చేసి అడిగితే బాగున్నాయనే చెప్పండి, ఈసారి వచ్చేటప్పుడు మాత్రం సన్‌స్క్రీన్ తెమ్మనండి.